జడ కొసన మొలిచిన తాడు

జనపగిరి కోట ద్వారం దగ్గర పొద్దున తన్నులు తిన్న మనిషి, మధ్యాహ్నానికి అదే ద్వారంలోంచి దర్జాగా లోపలికి నడిచాడు. మధ్యలో మారింది ఒక్కటే, భుజం మీది గుడ్డ. పొద్దున అది ఉప్పు మరకల తువ్వాలు. ఇప్పుడు జరీ శాలువా. స్నానాల రేవులో ఒక పండితుడు ముక్కు మూసుకుని నీళ్ళలో మునిగితే, ఆయన తేలేలోపు ఎత్తుకొచ్చినది. పొద్దున ఈటె మడమతో పొట్టలో పొడిచిన కావలివాడే ఇప్పుడు నడుం వంచి దండం పెట్టాడు. మొహం వైపు చూడనే లేదు. జనపగిరిలో కావలి కాయడమంటే అంతే. గుడ్డను చూస్తారు, మనిషిని చూడరు.

ఆ మనిషి పేరు దాలయ్య. ఉప్పు మోసేవాళ్ళ వాడలో పుట్టినవాడు. కిందటి వానాకాలంలో వక్రద్వీపం పడవలవాళ్ళు అతన్ని ఒడ్డు మీదినుంచి ఎత్తుకుపోయి, తమ ఏలిక విలోమదంష్ట్రుడనే మాంత్రికుడి గుహలో నీళ్ళు తోడే పనికి పెట్టారు. ఆ గుహలో దాలయ్య చూడరానివన్నీ చూశాడు. చివరికి చచ్చి తేలుతున్న తిమింగిలం పొట్టలో దూరి, దాని కంపుకి సొరచేపలు వెంటపడి కుమ్ముతుంటే, ఆ కుమ్ముళ్ళకే అలల మీద జారుకుంటూ జనపగిరి తీరం చేరాడు. చేరీ చేరగానే కోట దగ్గరికి పరుగెత్తి, తెల్లటి గుండ్రటి పేటిక ఒకటి వస్తుంది, ఒళ్ళంతా మేకులుంటాయి, పైన మన జెండా గుడ్డే చుట్టి ఉంటుంది, దాన్ని తెరవొద్దు అని మొత్తుకున్నాడు.

కోటకంతటికీ కావలిపెద్ద దండనాథుడు బిరుదాంకుడు. ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. పేటిక అప్పటికే వచ్చేసిందట. దాని మేకులు ద్వారం తాళపు గుంటల్లో సరిగ్గా ఇమిడి తలుపు తమంతట తామే తీశాయట. మన జెండా కప్పుకుని మన తాళంలో ఇమిడిన వస్తువు పరాయిదెలా అవుతుందని ఆయనగారి తర్కం. ఆ తర్కం మెచ్చి రాజు ముత్యాలహారం కూడా వేశాడు. ఇలాంటి బుర్రకి హారం వేయడానికి మెడ ఉండటమే ఎక్కువ.

రాజ్యం ఏ గంగలో కలిసినా దాలయ్యకి పెద్దగా దిగులుండేది కాదు. ఆ రాజ్యం అతని వాడకి పెట్టింది కాళ్ళ పగుళ్ళు, నెత్తిన బొప్పి. కానీ ద్వారం దగ్గర తన్నులు తింటూ ఉండగానే ఉప్పు గంపలు దించి బయటికొస్తున్న ఆడవాళ్ళు కనిపించారు. వాళ్ళలో చెల్లెలు గవిరి లేదు. అడిగితే, పొద్దున్నే అందరితో పాటు లోపలికి వచ్చిందనీ, నార నానబెట్టే తొట్ల మందిరం పక్కగా నడుస్తూ నడుస్తూ వెనకబడిందనీ, ఆ తర్వాత చూడలేదనీ చెప్పారు. మాంత్రికుడి పేటికలో ఏముందో, దానికి ఏం కావాలో ఈ కోటలో తెలిసినవాడు అతనొక్కడే. దానికి ఉప్పు మోసే ఆడదాని జడ కావాలి.

అందుకే శాలువా.

లోపలి ప్రాకారం దాటితే ఎవడికైనా కళ్ళు చెదరాలని కట్టినది మూలతాటి మందిరం. పాలరాతి స్తంభాలు, స్తంభాలకి చుట్టుకున్న వెండి తీగలు, తీగలకి పూసిన పగడాల మొగ్గలు, పైకప్పు నిండా కెంపుల నక్షత్రాలు. ఆ కెంపుల వెలుగులో, ఏనుగు దంతపు కండెల మీద మెలికలు మెలికలుగా, నిద్రపోతున్న కొండచిలువలా వేలాడుతుంది మూలతాడు. రెండు పేటలు పురిపెట్టిన తాడు. పేట పొడవునా ముడులే. ఒక పేటలో ఉబ్బెత్తు ముడి ఉంటే ఎదుటి పేటలో దానికి సరిపడే పల్లపు ముడి. జనపగిరిలో రొట్టె ఎలా చెయ్యాలి, కత్తి ఎలా సాగగొట్టాలి, మిద్దె ఎలా లేపాలి, అన్నీ ఆ ముడుల్లోనే ఉన్నాయి. పేనినవాళ్ళు ఎప్పుడో చచ్చిపోయారు.

ఆ తాటిని గదిలోంచి కదిలించరు. రొట్టె కావలసి వస్తే, తీతగాళ్ళనే పనివాళ్ళు రొట్టె ముడులున్న చోట పురి విప్పి, దాన్ని చూసి ఒంటిపేట నకలు ఒకటి పేని, మందిరం కిటికీలోంచి కార్ఖానాకి వదులుతారు. కార్ఖానాలో ముడులు మూడేసి చొప్పున తడిమి చూసి కేకేస్తారు. ఈ మూడు ముడులకి ఉప్పు గంప, ఆ మూడింటికి పిండి గంప, తర్వాతి మూడింటికి నూనె కుండ. పిలిచినవాళ్ళు గంప దించి పక్కకి తప్పుకుంటారు. వరసన దించిన సరుకులోంచి రొట్టె తయారవుతుంది. పని అయ్యాక ఒంటిపేట పొయ్యిలోకి పోతుంది. ఎవరు ఏ సరుకు మోసేవాళ్ళో పొరపాటు పడకుండా ఒక్కో గుంపుకి ఒక్కో రకం జడ. ఉప్పు మోసేవాళ్ళ జడ అల్లిక నూనె మోసేవాళ్ళకి ఉండదు. ఇంత చక్కగా ఏర్పాటు చేసిన దేశంలో గంప మోసినవాళ్ళకి ఆ రొట్టె ముక్క దొరికేది మాత్రం అరుదు.

మందిరం ముందు మండపంలో ఆస్థాన పండితుడు ఏకమార్గ శాస్త్రి శిష్యులకి పాఠం చెబుతున్నాడు. బాన లాంటి పొట్ట, దాని మీద గంధపు చారలు. దాలయ్య శాలువా సర్దుకుని శిష్యుల వెనక నిలబడ్డాడు. వచ్చిన పేటికలోంచి ఏం బయటపడిందని గొంతు మార్చి అడిగాడు. శాస్త్రి పెదవి విరిచి, అందులో పనికిమాలిన ఒంటిపేట తాళ్ళు రెండున్నాయనీ, రెండూ ఒకేలా ఉన్నాయనీ, వాటిని పట్టుకుని ఏదో పీత లాంటి పురుగు ఒకటుందనీ, నానబెడితే నారగానైనా పనికొస్తుందని తొట్ల మందిరంలో పడేయించాననీ సెలవిచ్చాడు.

"ఆచార్యా, ఆ ఒంటిపేట జోడుపేటగా మారితే?" అన్నాడు దాలయ్య.

శిష్యులు కిసుక్కున నవ్వారు. శాస్త్రి మాత్రం జాలిపడ్డాడు.

"పెరుగు మళ్ళీ పాలవుతుందా నాయనా? జోడుపేట లోంచి ఒంటిపేట, ఒంటిపేట లోంచి వస్తువు. మార్గం ఒక్కటే. వెనక్కి దారి లేదు. లేని దారికి కావలి దేనికి?"

ఆ మాట వింటూ దాలయ్య ఆయన పొట్ట మీద ఒక్కటి గుద్దాలన్న కోరికను బలవంతాన ఆపుకున్నాడు. దారి లేదని చెప్పడానికి ఈయన ఎప్పుడైనా గుమ్మం దాటి చూశాడా? విలోమదంష్ట్రుడు ఏళ్ళ తరబడి వెతికింది సరిగ్గా ఇలాంటి రాజ్యం కోసమే. కావలి లేని దారి ఉన్న చోటు కోసం.

తొట్ల మందిరం మెట్ల కింద, నేల మాళిగలో ఉంది. నార నానే కంపు, పచ్చటి నీళ్ళు, గోడల మీంచి దిగే చెమ్మ. శాలువాకి మళ్ళీ ఒక దండం పెట్టించుకుని దాలయ్య దిగాడు. దిగి, కడపటి తొట్టి దగ్గర ఆగిపోయాడు.

గవిరి నేల మీద కూచుని ఉంది. చేతులూ కాళ్ళూ కట్టి లేవు, అయినా కదల్లేదు. పొడుగాటి జడ ముందుకు పడి, దాని కొస మాంత్రికుడి ఒంటిపేట మీద అతుక్కుని ఉంది. ఆ తాడు మొదటికి కాస్త ఇవతల, ఉప్పు జడ అల్లికకి అచ్చంగా సరిపోయే ముడుల వరస ఒకటి పేని ఉంది. జడ దానిలో పడి ఇరుక్కుంది. ఆ జడ కొస లోంచి కొత్త పేట మొలుస్తోంది. మొలిపిస్తున్నది చెయ్యిపురుగు.

మనిషి చెయ్యి మణికట్టు దగ్గర తెగి పడి, దానికి ప్రాణం వస్తే ఎలా ఉంటుందో అలా ఉంది అది. వేళ్ళు, అరచెయ్యి, బొటనవేలు. పాత తాడు అరచేతిలోంచి జారుతుంటే వేళ్ళు దాని ముడిని తడుముతాయి, ఎదుట సరిపడే ముడి వేస్తాయి, ముందుకు జరుగుతాయి. తప్పు ముడి పడినా వెనక్కి చూడదు, విప్పదు, దిద్దదు. అందుకే అది పేనే తాళ్ళలో ఒకటి ఒకలా ఉంటే ఇంకోటి ఇంకోలా ఉంటుంది, ఒకదాన్ని గుర్తుపట్టిన కావలివాడు రెండోదాన్ని పోల్చుకోలేడు. ఇక మణికట్టు ఉండాల్సిన చోట ఒక నోరు. వేళ్ళు చదివేసిన పాత తాటిని ఆ నోరు వెనకనుంచి నమిలి మింగుతూ వస్తుంది. ఈ చేతికి అడుగున ఇంకో చెయ్యి అంటుకుని ఉంటుంది. చూడటానికి మొదటిదానిలాగే ఉంటుంది కానీ ఒక్క ముడీ వెయ్యదు, మోసుకు తిరుగుతుంది. కాస్త నయం. రాజుగారి కొలువులో ముడీ వెయ్యనివాళ్ళు మోయను కూడా మోయరు.

"అన్నా" అంది గవిరి. గొంతు పీలగా ఉంది. "ఇదేటన్నా? నెగుద్దామంటే నెగలేకపోతన్నాను. నా పానం ఈ జడలోంచి కారిపోతన్నట్టుంది."

"కదలకు. నానొచ్చేసాను కదేటి" అన్నాడు దాలయ్య.

మొలకత్తి తీసి జడ మీద ఆనించాడు, మళ్ళీ తీసేశాడు. గుహలో ఒకడు తన పెళ్ళాం జడ కోశాడు. కోసిన క్షణాన ఆమె నోట్లోంచి నురగ వచ్చి అక్కడికక్కడే పోయింది. మొదటి ముడి ఊపిరితో పడుతుంది, జడ కోస్తే ఊపిరి తెగుతుంది. పోనీ పాత తాటిని తెంపుదామంటే రెండో తాడు పక్కనే ఉంది, ఇది తెగితే చెయ్యిపురుగు దాని మీదికి గెంతి అదే చోటునుంచి పని సాగిస్తుంది. మాంత్రికుడు రెండు పంపింది అందుకే. పురుగుని నరుకుదామని కత్తి ఎత్తి కొట్టాడు. రాతి మీద కొట్టినట్టు కత్తి ఎగిరి తొట్టిలో పడింది.

ఇంతలో పురుగు తాటి మొదటికి చేరుకుంది. ఇక ముందు తాడు లేదు. చెయ్యిపురుగు పట్టు వదిలే అదను ఇదే. తాటికి ఈ కొసనా ఆ కొసనా ఒకే రకం ముడులుంటాయి. ఇక్కడ వేసిన కొత్త ముడుల్ని తీసుకెళ్ళి అక్కడి పాత ముడుల మీద ఆనించి, దూరపు కొస నుంచి మళ్ళీ మొదలుపెడుతుంది. ఆ గెంతులో అది గాల్లో ఉంటుంది. దాలయ్య శాలువా విప్పి వల విసిరినట్టు విసరబోయాడు.

వెనకనుంచి జుట్టు పట్టుకుని ఎవరో గుంజారు. రేవులో తేలిన పండితుడు శాలువా కోసం కోటంతా గగ్గోలు పెట్టినట్టున్నాడు. బిరుదాంకుడు, అతని వెనక పది ఈటెలు, వాటి వెనక రొప్పుతూ ఏకమార్గ శాస్త్రి. చెయ్యిపురుగు వాళ్ళందరి ఎదుటే తొట్టి మీంచి గెంతి, దూరపు కొసన వాలి, తాపీగా ముడులు వెయ్యడం మొదలుపెట్టింది.

దాలయ్య వెనక్కి కుమ్మాడు, ఒకణ్ణి తొట్టిలో పడేశాడు, ఇంకొకడి ఈటె విరిచాడు. ఆపైన బిరుదాంకుడి ఇనుప తొడుగు పిడికిలి దవడకి తగిలింది. నోట్లో ఒక పన్ను ఊడి నాలుక మీద పడింది. నలుగురు మీద పడి మోకాళ్ళ మీద కూలేశారు.

శాలువా దొంగని పట్టుకున్న ఆనందంలో మొదట ఎవరూ తొట్టి వైపు చూడలేదు. చూశాక నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. ఒంటిపేట తాడు తరిగిపోతోంది, దాని చోట వేరే పేట పెరుగుతోంది. ఆడదాని జడ లోంచి. బిరుదాంకుడు శాస్త్రి మొహంలోకి చూశాడు. శాస్త్రి కాసేపు కళ్ళు చికిలించి, అది తొట్టి ఆవిరి వల్ల కలిగిన భ్రమ అన్నాడు. శాస్త్రంలో లేనిది కంటికి కనబడితే తప్పు కంటిదేనట. సైనికులు కళ్ళు నులుముకున్నారు. నిజంగానే నులుముకున్నారు.

చెయ్యిపురుగు తాడంతా చదివేసింది, నమిలేసింది. నమలలేనిది ఒక్క చోటే, తారు పట్టించి బిగించిన చిన్న తునక. అది మిగిలింది. ఆ తునక లోంచే ఇప్పుడు రెండో పేట మొలిచింది. కొత్త పేటకి ఎదురుగా, ముడికి ముడి సరిపోతూ, పురి పడుతూ రెండో పేట గవిరి వైపు పాకింది. దాలయ్య చూస్తున్నది దాని వేగం. గుహలో ఇక్కడినుంచే ఆడవాళ్ళ కేకలు మొదలయ్యేవి. రెండో పేట వేసుకుంటూ వేసుకుంటూ వచ్చి జడను కూడా తాడే అనుకుని చదువుతుంది. చదివినంతా నోరు నములుతుంది. జడ అయిపోతే కుదుళ్ళు, కుదుళ్ళు అయిపోతే తల.

గుహలో కేకలు లేకుండా అది ఆగింది ఒక్కసారే. ఒకామె జడలో చేపల వల తాలూకు గవ్వ ఒకటి చిక్కుకుని ఉంది. వేళ్ళు గవ్వని తడిమాయి, అటు తిప్పాయి, ఇటు తిప్పాయి, ఏ ముడో తెలియక ఆగిపోయాయి. విలోమదంష్ట్రుడు పరుగున వచ్చి గవ్వని తన చాకుతో పెకిలించి పారేసేదాకా అలాగే ఆగి ఉన్నాయి. మహా మాయల చెయ్యి. తనకి రాని ముడి ఎదురైతే కొయ్యబారిపోతుంది.

మాంత్రికుడు ఇక్కడ లేడు.

దాలయ్య నెత్తురు నిండిన నోటితో బిరుదాంకుణ్ణి పిలిచి, తప్పు ఒప్పుకుంటాననీ, శాలువా తనే స్వయంగా పండితుడి భుజాన కప్పుతాననీ అన్నాడు. దొంగ కాళ్ళ బేరానికి వచ్చాడంటే దండనాథుడికి ప్రాణం లేచొచ్చింది. వదలమని చెయ్యి ఊపాడు. వదిలీ వదలగానే దాలయ్య శాలువాని బిరుదాంకుడి తలకే చుట్టబెట్టి, ఆయన్ని నీళ్ళలోకి నెట్టి, చెల్లెలి ముందు పడ్డాడు. సైనికులంతా దండనాథుణ్ణి పైకి లాగడానికి తొట్టి మీద పడ్డారు.

చెయ్యిపురుగు జడ కొస మీదికి ఎక్కింది. వేళ్ళు వెంట్రుకల అల్లికని చదువుతూ వస్తున్నాయి. దాలయ్య నాలుక మీది పన్నుని అరచేతిలోకి ఉమ్మాడు. గవిరి మెడకి జానెడు కింద జడ పాయలు విడదీసి, పన్ను లోపల పెట్టి, గంప తాటికి వేసే బిగితో మెలేసి ముడి వేశాడు.

"నొప్పెడతాదా?" అన్నాడు.

"తొరగా కట్టన్నా" అంది గవిరి.

వేళ్ళు వచ్చాయి. పన్నుని తాకాయి. తడిమాయి. ఇలాంటి ముడి జనపగిరిలోనూ లేదు, వక్రద్వీపంలోనూ లేదు. చూపుడువేలు దాని చుట్టూ తిరిగింది, గోకింది, మళ్ళీ తిరిగింది. ఆగింది. వెనకనుంచి వస్తున్న నోరు తన వాటా తను నమిలింది, పన్ను దాకా వచ్చింది, వేళ్ళు చదవనిది తనకి తినే పని లేదు కాబట్టి అదీ ఆగింది. పటుక్కున చప్పుడైంది. జడ విడిపోయింది. తెంపింది పురుగే కాబట్టి ఊపిరి తెగలేదు. గవిరి వెనక్కి విరుచుకుపడి, మునిగి తేలినదానిలా గాలి పీల్చింది. మెడ కింద జానెడు జడ, దాని కొసన నెత్తుటి పన్ను.

దాలయ్య ఆమెని పట్టుకున్నాడు. పట్టుకున్న ఆ కాసేపట్లోనే రాజ్యం చేయి దాటిపోయింది. ఆ సంగతి అతనికి తెలుసు. రెండో గెంతు కళ్ళ ముందే జరిగింది. జడ వదిలిన పేట కొస, అవతలి పేట కొసతో కలిసింది. రెండు పేటలూ ఒకదాన్ని ఒకటి చూసుకుంటూ చివరిదాకా నిండాయి. వచ్చినప్పటి ఒంటిపేట కన్నా పొడుగైన జోడుపేట తాడు తొట్టి అంచున మెరుస్తూ లేచింది. రెండు కొసలకీ ఒకే రకం ముడుల పట్టీ. తొట్టి పక్కనే పడి ఉన్న పేటిక అడుగునుంచి ఎముక సూది ఒకటి జారి వచ్చి, ఆ రెండు కొసల్నీ కలిపి పట్టుకుంది. తాడు మెట్లెక్కింది.

మూలతాటి మందిరం ద్వారం దగ్గర కావలివాళ్ళు ఏం చేశారో వింటే పగవాడికి కూడా సిగ్గేస్తుంది. పాకుతూ వస్తున్నది జోడుపేట. మూలతాడు కూడా జోడుపేటే. అంటే మనవాళ్ళే. వాళ్ళు ఈటెలు దించి దండం పెట్టి తలుపులు బార్లా తెరిచారు. సూది లోపలికి పోయి, నిద్రపోతున్న మూలతాటిని నడిమికి తెంపి, వచ్చిన తాటిని ఇరికించి, అతుకు ఎక్కడుందో కనబడకుండా కుట్టేసింది. దాలయ్య గవిరిని భుజాన వేసుకుని మెట్లెక్కేసరికి అంతా అయిపోయింది. ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా తమదో, ఎక్కడ పరాయిదో చెప్పగలిగిన కన్ను లేదు.

తీతగాళ్ళకి చూపు ముడుల మీదే కానీ, ఎవరి ముడులన్నది వాళ్ళ పని కాదు. నడిమిన చేరిన కొత్త ముడులు వాళ్ళ కంటికి ఇంపుగా కనబడ్డాయి. పురి విప్పారు, నకలు పేనారు, కిటికీలోంచి కార్ఖానాకి వదిలారు. ఒకటి కాదు, వరసపెట్టి. అప్పటికి తొట్టిలోంచి తడిసి లేచి వచ్చిన బిరుదాంకుడు, ఊపిరి పట్టుకుని వచ్చిన శాస్త్రి, ఇద్దరూ ఆ నకళ్ళు పోవడం చూశారు.

వాటిలో ఉన్నవి పేటికలు చేసే ముడులు, చెయ్యిపురుగులు చేసే ముడులు. అవి చేశాక ఒక్కో పేటికకీ ఒక్కో ఉప్పు జడ కావాలి. దాలయ్య ఇది అరిచి చెప్పాడు. శాస్త్రి దాన్ని కాదనలేదు. కాదంటే బాగుండును. గడ్డం నిమురుకుంటూ చాలా ప్రశాంతంగా, వెనక్కి దారి లేదు కాబట్టి బయటినుంచి ఏదీ మూలతాటిలోకి రాలేదనీ, బయటినుంచి రాలేదు కాబట్టి ఇప్పుడు అందులో ఉన్నదంతా మొదటినుంచీ ఉన్నదేననీ, ఉన్నది కాబట్టి చెయ్యాల్సిందేననీ తేల్చాడు. తన అబద్ధానికి తనే మోకరిల్లే మనిషితో వాదించడానికి నోరు సరిపోదు, కర్ర కావాలి.

బిరుదాంకుడికి ఆజ్ఞ దొరికింది, ఆలోచన తప్పింది. ఉప్పు మోసేవాళ్ళనీ, పిండి, నూనె, ఇనుము మోసేవాళ్ళనీ అందరినీ కార్ఖానాలోకి తోలించాడు. అన్నాచెల్లెళ్ళని కూడా వాళ్ళలోకే నెట్టించాడు. దొంగ విచారణ తర్వాత, ముందు పని.

కార్ఖానా పెద్ద చావడి. గోడల చుట్టూ పై అంతస్తులో విలుకాళ్ళు. నడిమిన బల్ల మీద కొత్త ఒంటిపేట పరిచి ఉంది. ముడులు తడిమేవాడు మొదటి మూడూ తడిమాడు. ఉప్పు అని కేకేశాడు.

వరసలో మొదట నిలబడినది గవిరి. నెత్తిన గంప పెట్టారు. ఆమె బల్ల దగ్గరికి నడిచి తాటిని చూసింది. వెనక్కి తిరిగి తన వాడ ఆడవాళ్ళని చూసింది. వాళ్ళందరి కళ్ళూ ఆమె కురచ జడ మీద ఉన్నాయి. ఎలా పోయిందని ఎవరూ అడగలేదు. దాలయ్య దారిలోనే అందరికీ చెవిన వేశాడు.

గవిరి గంప దించింది. బల్ల మీద కాదు, నేల మీద. దించి, దాని మీద కూచుంది.

"నా జడతో ఈళ్ళకి కడుపు నిండనేదంట. మీయి కూడా కావాలంట" అంది ఆడవాళ్ళతో. "నానైతే మొయ్యను."

ఆ తర్వాత వెనక వరసలో ఒక ముసలామె గంప నేలకి దిగింది. దాని పక్కది దిగింది. ఉప్పువాళ్ళని చూసి పిండివాళ్ళు, వాళ్ళని చూసి నూనెవాళ్ళు. ఇనుము మోసేవాళ్ళు దించితే చావడి అదిరింది. తడిమేవాడు రెండోసారి ఉప్పు అన్నాడు, మూడోసారి గొంతు తగ్గించి అన్నాడు. మాంత్రికుడి తాడు బల్ల మీద ఉత్త తాడులా పడి ఉంది. మోసేవాళ్ళు మొయ్యకపోతే ముడుల్లో ఏ మాయ ఉంటేనేం, మూడేసి చొప్పున ఉన్నా ఆరేసి చొప్పున ఉన్నా.

బిరుదాంకుడు తలుపులకి గడియలు వేయించాడు. విలుకాళ్ళు బాణాలు ఎక్కుపెట్టారు. దాలయ్య చెల్లెలికీ బాణాలకీ మధ్యగా వచ్చి నిలబడ్డాడు. దండనాథుడు చెయ్యి పైకెత్తాడు. ఎత్తాడు కానీ, దింపడానికి జంకాడు. మోసేవాళ్ళని చంపితే రేపు రాజుగారికి రొట్టె ఎవరు చేస్తారు, చంపకపోతే ఈ పూట ఆజ్ఞ ఏమవుతుంది? ఏం చెయ్యాలో మూలతాటిని చూసి చెప్పమని శాస్త్రిని పరుగెత్తించాడు.

శాస్త్రి కెంపుల వెలుగులో కండె మీద కండె తిప్పాడు. తీతగాళ్ళందరినీ పిలిచి పురి విప్పించాడు. రొట్టెకి ముడులున్నాయి, కత్తికి ఉన్నాయి, మిద్దెకి ఉన్నాయి, రాజుగారి చెప్పులకి ఉన్నాయి, ఇప్పుడు చెయ్యిపురుగులకి కూడా ఉన్నాయి. మోసేవాడు గంప దించి దాని మీద కూచుంటే ఏం చెయ్యాలన్న ముడి మాత్రం ఈ కొసనుంచి ఆ కొసదాకా ఎక్కడా లేదు. పేనినవాళ్ళకి ఆ ఆలోచనే రాలేదు.

చావడిలో విలుకాళ్ళ చేతులు లాగేస్తున్నాయి.

"అన్నా" అంది గవిరి, గంప మీంచి అతని పంచె పట్టి లాగి. "తినడానికేటైనా తెచ్చినావేటి? పొద్దుట్నుంచి ఏటీ తిన్నేదు."